నీడల చిత్రములు

మంజీరపై నిజాంసాగరు ఆనకట్ట పూర్తియైన 1931లోనే మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' వెలువడినది. తెరమీది నీడలు మాత్రము తెలుగువారికి అంతకు ఎంతో ముందే, తోలుబొమ్మలాటనాడే పరిచితములు.

అమెరికాలో తీసిన నేరకథాచిత్రములు యుద్ధకాలమున ఫ్రాన్సునకు చేరలేదు. పిదప అవి ఒక్కసారిగా పారిసుకు రాగా, 1946లో విమర్శకుడు నినో ఫ్రాంక్ వాటిని 'నల్ల చిత్రములు' అనెను. బిల్లీ వైల్డర్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ' (1944) చూడుడు. భీమా ఉద్యోగి తన హత్యానేరమును మొదటనే ఒప్పుకొనును. హంతకుడెవడో తెలిసియు ప్రేక్షకుడు కదలడు! ఒక సామాన్యుడు ఎట్లు జారిపడెనన్నదే అచటి కథ. కిటికీ పలకల నీడలు అతని మేనిపై చెరసాల ఊచలవలె పడును. రంగులున్నచో ఆ భయము సగమగునేమో.

మద్రాసులో వీణావిద్వాంసుడు ఎస్. బాలచందర్ 1954లో 'అంద నాళ్' అను తమిళచిత్రమును ఒక్క పాటయు లేకుండ తీసెను. జపానువారు మద్రాసుపై బాంబులు వేసిన 1943 నాటి కథ యది. రేడియో ఇంజనీరు హతుడగును. అది ఎట్లు జరిగెనో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున ఊహింతురు. శివాజీ గణేశన్ అంతటి నటుడు దేశద్రోహిగా కనిపించుట సాహసమే. పాటలకు అలవడిన జనులు నాడు దానిని ఆదరింపలేదు. నేడు దానినే వెదకి చూచుచున్నారు. ఆ బాలచందరే 1956లో తెలుగున 'ఏది నిజం' చిత్రమునకు దర్శకత్వము వహించెను.