హాస్టల్ గది లేని స్కాలర్‌షిప్

1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో ఆడపిల్లల కోసం ఒక తెలుగు మీడియం హైస్కూలు పెట్టారు. నారాయణగూడలో ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది. బడి పెట్టడం వరకూ బాగానే ఉంది గానీ, అక్కడ చదివిన పిల్లలకు పరీక్ష ఎవరు పెట్టాలి? ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియంది. తెలుగులో చదివిన చదువును అది గుర్తించదు. చివరికి పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. అంటే బడి హైదరాబాదుది, భాష తెలుగు, పరీక్ష పూనాది.

కర్వే విశ్వవిద్యాలయం ఆడపిల్లల్ని మాతృభాషలో చదువుకోనిచ్చింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అయితే గృహనిర్వహణ, ఆరోగ్యశాస్త్రం లాంటి 'ఆడవాళ్లకు పనికొచ్చే' సబ్జెక్టులకే అక్కడ పెద్దపీట. తలుపు తెరుచుకుంది కానీ ఫిజిక్స్ ల్యాబ్ వైపు కాదు.

తెలంగాణ విద్యాచరిత్ర చదువుతున్నప్పుడల్లా నా బుర్రలో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. నల్లగొండలోనో పాలమూరులోనో ఒక ఊళ్లో పుట్టిన అమ్మాయి సైన్సు చదవాలంటే ఏమేం కావాలి? ఫీజుకు డబ్బు కావాలి, నిజమే. కానీ ఈ రెండు జిల్లాల చరిత్ర తిరగేస్తే, ఫీజు కంటే ముందు కావాల్సింది ఇంకోటి కనిపిస్తుంది. ఊరు దాటాక ఉండటానికి ఒక గది.

మగపిల్లల విషయంలో ఈ సంగతి చాలా ముందే అర్థమైంది. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. దాని వెనకున్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పాలమూరు జిల్లా మనిషి, తర్వాత నగర కొత్వాలు అయ్యారు. దాని నిర్వహణ చూసిన సురవరం ప్రతాపరెడ్డిదీ పాలమూరే. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. తర్వాతి కాలంలో ఈ ప్రాంతాన్ని నడిపించిన పేర్లు చాలావరకు ఏదో ఒక హాస్టల్ రిజిస్టర్లో దొరుకుతాయి. కులం పేరుతో హాస్టల్ లేనివాళ్లకు నగరం అంత తేలిగ్గా దొరకలేదు. ఆడపిల్లలకైతే ఏ కులంవాళ్లకైనా ఆ వసతి ఆలస్యంగానే, అరకొరగానే వచ్చింది.

ఆడవాళ్లు అడగలేదా అంటే, అడిగారు. ఆంధ్ర మహాసభలతో పాటే మహిళా సభలు కూడా జరిగేవి. వాటిలో కొన్ని మన జిల్లాల్లోనే జరిగాయి: 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో, 1941లో చిలుకూరులో. షాద్‌నగర్ మహిళా సభకు బూర్గుల అనంతలక్ష్మీదేవి, చిలుకూరు సభకు రంగమ్మ ఓబుల్‌రెడ్డి అధ్యక్షత వహించారు. పరదా, బాల్యవివాహాలు, స్త్రీ విద్య అప్పటి చర్చలు. ఇప్పుడు ఆ మాటలు మనకు మామూలుగా అనిపిస్తాయి. కానీ జిల్లా కేంద్రం కూడా కాని ఊళ్లో, నిజాం పాలనలో, ఆడవాళ్లు వేదిక మీద కూర్చుని ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటం ఎంత పెద్ద పనో ఊహించుకోండి.

అదే రాజ్యంలో రాజధాని కథ వేరు. హైదరాబాదు మెడికల్ స్కూల్లో 1885లోనే రూపాబాయి ఫర్దూన్జీ చేరింది. ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం ప్రయోగాల కాలం అది. మత్తుమందు ఇవ్వడంలో నైపుణ్యం సంపాదించిన ఆమెను ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థటిస్టుల్లో ఒకరిగా చెప్పుకుంటారు. 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో సరోజిని ఇంగ్లండ్ వెళ్లింది. నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ రసాయన శాస్త్రవేత్త. కూతురు గణితంలోనో సైన్సులోనో గొప్పది కావాలని ఆయన కోరిక. ఆమె కవయిత్రి అయింది. అది మనకు లాభమే అనుకోండి! కానీ గమనించాల్సింది ఏమిటంటే, ఈ ఇద్దరికీ నగరంలో ఇల్లుంది, చదివించే పెద్దలున్నారు. ఇల్లూ అండా ముందే ఉన్నచోట అవకాశమో, స్కాలర్‌షిప్పో వచ్చి మిగతా పని పూర్తి చేసింది.

డబ్బునీ గదినీ కలిపి ఆలోచించినవాళ్లు కూడా ఉన్నారు. ఉదాహరణకు, అమెరికాలో లీవై బార్బర్ అనే ఆయన. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆసియా స్త్రీల కోసం 1917లో స్కాలర్‌షిప్పులు ఏర్పాటు చేశాడు. అదే క్యాంపస్‌లో తల్లి పేరు మీద అమ్మాయిల వసతిగృహం కట్టించిందీ ఆయనే. ఆ స్కాలర్‌షిప్పుతో వెళ్లిన కేరళ అమ్మాయి జానకి అమ్మాళ్ 1931లో డాక్టరేట్ తీసుకుని, చెరకు జన్యుశాస్త్రంలో పెద్ద పేరు అయింది. దూరం నుంచి వచ్చే అమ్మాయికి చెక్కుతో పాటు తాళంచెవి కూడా ఇవ్వాలని ఆయనకు తట్టింది.

మన దగ్గర ఈ రెండూ చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. దళిత విద్యార్థులకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు 1940లలో, వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్న అంబేడ్కర్ పట్టుదల వల్ల మొదలయ్యాయి. ఇప్పటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు మూలం అదే. అది డబ్బు దారి. గది దారికి వస్తే, 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. గురుకులాల చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. తిండి, గది, పుస్తకం, టీచరు అన్నీ ఒకేచోట. ఎంత గొప్ప ఆలోచన! కానీ అది మగపిల్లల బడి. 1918లో జరిగిందే 53 ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది: ముందు అబ్బాయికి గది, తర్వాత ఎప్పుడో అమ్మాయికి.

ఆ 'తర్వాత ఎప్పుడో' విలువ పాలమూరులో కనిపిస్తుంది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అతి తక్కువగా ఉన్న జిల్లా మహబూబ్‌నగర్. స్త్రీలలో సగం మందికి కూడా చదువు రాదు. తల్లిదండ్రులు ఏటా నెలల తరబడి వలసపోయే చోట, ఇంట్లో తమ్ముణ్ని చూసుకునేది పెద్దపిల్లే. అక్కడ ఊరి బడిలో ఫీజు లేకపోయినా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే పిల్ల ఊళ్లో ఉండదు, లేదా ఉన్నా బడికి రాదు. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఇలాంటి ప్రాంతాల్లో పనిచేయడానికి కారణం అవి హాస్టల్‌తో సహా రావడమే.

ఇక నా తరం సంగతి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్దఎత్తున అమలైంది. విజయవాడ హైవే పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకే. మా క్లాసులో ఉన్న చాలామంది అమ్మాయిలు వాళ్ల ఇంట్లో డిగ్రీ మెట్లెక్కిన మొదటివాళ్లు. ఆ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. అది లేకపోతే ఈరోజు హైటెక్ సిటీలో నా చుట్టూ ఉన్న సగం కుర్చీలు ఖాళీ.

కానీ ఆ పథకం చెల్లించింది ఫీజు మాత్రమే, అదీ ఆలస్యంగా, కాలేజీ ఖాతాలోకి. ర్యాంకు పది వేలు దాటితే చాలామందికి 35,000 రూపాయలే, మిగతాది ఇంటివాళ్లు చూసుకోవాలి. మెయింటెనెన్స్ కింద వచ్చేది హాస్టల్‌కు సరిపోదు. కాబట్టి అమ్మాయిలు ఊరి నుంచే బస్సులో వచ్చిపోయేవాళ్లు. మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజు కథ వేరే. రికార్డు పూర్తికాదు, ప్రయోగం సగంలో ఉంటుంది, బస్సు టైమవుతుంది. అబ్బాయిలం ఉండిపోయేవాళ్లం. వాళ్లు గ్రాఫు మా దగ్గర కాపీ చేసుకుని పరిగెత్తేవాళ్లు. "ఆఖరి బస్సు పోతే ఎట్ల బిడ్డా?" అని ఒక క్లాస్‌మేట్ వాళ్లమ్మ రోజూ అడిగేదట. సైన్సు చదువులో అసలు చదువు ఆ ల్యాబ్ అయ్యాక ఉండే గంటలోనే ఉంటుంది. ఆ గంట ఏ జీవోలోనూ లేదు.

నాలుగేళ్లయ్యాక ఇంకో చిక్కు. సర్కారు బకాయి రాలేదు కాబట్టి నువ్వు కట్టు, అప్పుడే సర్టిఫికెట్లు ఇస్తాం అన్నారు మా కాలేజీవాళ్లు. అబ్బాయిలు అప్పు చేసి తెచ్చుకున్నారు. ఒకమ్మాయి ఇంట్లో మాత్రం ఆ అప్పుకీ పెళ్లి ఖర్చుకీ మధ్య లెక్క వేశారు. ఏది గెలిచిందో చెప్పక్కర్లేదు.

2020 నవంబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఒక అమ్మాయి ప్రాణాలు తీసుకుంది. ఢిల్లీలో గణితం చదువుతుండేది. పేరు ఇక్కడ అక్కర్లేదు. లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చింది, క్లాసులు ఆన్‌లైన్‌లో, చేతిలో ల్యాప్‌టాప్ లేదు, హాస్టల్ గది ఉంటుందో లేదో తెలియదు. ప్రతిభకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పుకు ఎంపికైంది, డబ్బు మాత్రం చేతికి రాలేదు. ఒక మరణానికి కారణాలు తేల్చే అర్హత నాకు లేదు. కానీ ఆ జాబితా చూడండి: మార్కులున్నాయి, సీటుంది, స్కాలర్‌షిప్పు కూడా కాగితం మీద ఉంది. లేనివి గది, పరికరం, సమయానికి డబ్బు.

ఇన్‌స్పైర్ ఏడాదికి 80,000 రూపాయలు. సాంకేతిక విద్య చదివే అమ్మాయిలకు ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000, ఒక ఇంటి నుంచి ఇద్దరికి మించి ఇవ్వరు. పెళ్లి, పిల్లల వల్ల పరిశోధన ఆపేసిన స్త్రీలు తిరిగి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002 ప్రాంతంలో ప్రత్యేక పథకమే పెట్టింది. ఈ చివరిది నాకు బాగా నచ్చుతుంది. ఎందుకంటే ఆడవాళ్ల చదువు మధ్యలో ఆగుతుందని ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకోవడం అరుదు. మొత్తాలు చిన్నవి కావు. కానీ ప్రోగ్రామ్ రాసేవాడిగా నాకు అలవాటైన మాటలో చెప్తే, వీటన్నిటికీ ఒక డిపెండెన్సీ ఉంది: అమ్మాయి అప్పటికే కాలేజీ దగ్గర ఎక్కడో క్షేమంగా ఉండాలి. అది లేకపోతే ఏదీ రన్ అవదు.

ఈ ముడి విప్పే ప్రయత్నం 2016లో జరిగింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ అమ్మాయిల కోసం 30 రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలు తెరిచింది. అప్పుడు ఆ సంస్థ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పాత పాలమూరు జిల్లా ఆలంపూర్ మనిషి. సర్వేల్ ఆలోచన 45 ఏళ్లకు దళిత ఆడపిల్ల బీఎస్సీ దాకా వచ్చిందన్నమాట. అద్దె భవనాలు, చాలని ల్యాబులు, గెస్ట్ లెక్చరర్లు, అన్నీ ఉన్న ఇబ్బందులే. కొన్ని గురుకులాలు మూతపడ్డ ఇంజినీరింగ్ కాలేజీల్లోనే నడుస్తున్నాయి. ఫీజు డబ్బుతో లేచిన గోడలు చివరికి హాస్టల్ గదులయ్యాయి. చరిత్రకు హాస్యం తెలుసు.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆమె పోరాడిన పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. మంచి పేరు, తగిన పేరు. ఇకపై ఆడపిల్లల సైన్సు చదువు కోసం ఏ కొత్త పథకం ప్రకటించినా నేను ముందు మొత్తం ఎంతో చూడను. మూడు ప్రశ్నలు అడుగుతాను: డబ్బు ఏ నెలలో పడుతుంది? ఎవరి ఖాతాలో పడుతుంది? ల్యాబ్ అయ్యాక ఆ రాత్రి అమ్మాయి ఎక్కడ పడుకుంటుంది? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, దేవరకొండలో 1931లో మొదలైన చర్చ ఇంకా ముగియలేదన్నట్టే.