కొల్హారు గ్రామము: జనసంఖ్యయు, జీవనమును, మాతృభాషయు

మన సంఘము వారు ఈ సంచికకై ఒక వ్యాసము వ్రాసి పంపుమని కోరినపుడు, మేము పండితులము కామనియు, మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాగిరిలో తల నెరసిన వారమనియు మనవి చేసితిమి. "మీ కెరుకయైన లెక్కలే వ్రాయుడు" అని వారు సెలవిచ్చిరి. కావున మాకు పరిచితమైన ఒక చిన్న గ్రామమును గూర్చి, అందలి జనమును గూర్చి, వారి బ్రదుకు తెరువులను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

కొల్హారు అనగానే పలువురు పొరబడుదురు. బంగారు గనులకు ప్రసిద్ధికెక్కిన కోలారు వేరు. అది కర్ణాటకమునకు తూర్పు కొసను ఉన్నది. దాని గనులు 2001లో మూతపడినవి. విజయపుర జిల్లాలో కృష్ణాతీరమున మరియొక కొల్హారు కలదు. మేము చెప్పబోవునది బీదరు పట్టణమునకు చేరువ నున్న కొల్హారు. దానికి కోటలు లేవు, గనులు లేవు. ఈ కాలమున దాని పేరు పత్రికలకెక్కుట పారిశ్రామిక వాడ వలననే. అయినను పాఠకులు ఒక గ్రామమును సావకాశముగా పరిశీలించినచో ఒక మండలము చరిత్రమంతయు అందు కనబడునని మా నమ్మకము.

ముందుగా నేలను గూర్చి. బీదరు ఒక ఎత్తైన పీఠభూమిపై నున్నది. పైన ఇనుపతుప్పు వన్నె గల ఎర్రరాయి, దిగువన నల్లరేగడి. ఎర్రరాయిని కోసి ఇటుకలవలె పేర్చి ఇండ్లు కట్టుదురు. ఆ రాతిలో నీరు సులభముగా ఇంకును గనుక బహమనీల కాలముననే భూమిలోపల సొరంగములు త్రవ్వి, బావులతో కలిపి పట్టణమునకు నీరు తెచ్చిరి, వానిని కరేజులందురు. రేగడి చేలలో జొన్న, కంది, మినుము, పెసర, సెనగ పండును. తరువాతి కాలమున చెరకును, సోయాచిక్కుడును వచ్చినవి. మంజీర, కారంజ నదులున్నను మెట్టపైరే హెచ్చు. వాన పడినచో పంట, పడనిచో వలస. ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రకు ఈ ఒక్క వాక్యమే మూలసూత్రము.

ఇక రాజుల మాట. కల్యాణి చాళుక్యుల రాజధాని యగు కల్యాణము, అనగా నేటి బసవకల్యాణము, ఈ జిల్లాలోనిదే. పదునైదవ శతాబ్దమున అహమ్మదుషా బహమనీ తన రాజధానిని గుల్బర్గా నుండి బీదరునకు మార్చెను. మంత్రి మహమూదు గవాను కట్టించిన మదరసా 1472లో పూర్తియైనది. అటు పిమ్మట బరీదుషాహీలు ఏలిరి. 1619లో బిజాపురము వారును, 1656లో ఔరంగజేబును వశపరచుకొనిరి. 1724 మొదలు ఈ సీమ నిజాముల యేలుబడిలో నుండెను. జస్తు, రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, కోట మట్టితో నలుపు తేర్చు బిదరీ పని ఈ ఊరి కీర్తి. దానికి 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇన్ని యేలుబడులు మారినందున భాషలు పొరలు పొరలుగా నిలిచినవి. కచ్చేరీలో ఉర్దూ, సంతలో కన్నడము, పడమటి పల్లెలలో మరాఠీ, తూర్పు పల్లెలలో తెలుగు. ఇవి ఒకదానికొకటి శత్రువులు కావు. కల్యాణమున వెలసిన బసవేశ్వరుని చరిత్రమును మన పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదగా వ్రాయగా, దానిని భీమకవి 1369లో కన్నడమున వ్రాసెను. కన్నడదేశపు మహనీయుని కథ తెలుగు గుండా మరల కన్నడమునకు చేరినదన్న మాట. ఇంతకంటె మంచి పొరుగుతనము మా యెరుకలో లేదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినది. 1955లో ఫజలలీగారి అధ్యక్షతన రాష్ట్రముల పునర్విభజన సంఘము తన నివేదిక నిచ్చినది. బీదరు జిల్లాలో ఏ ఒక్క భాషకును సగము జనము లేరు. తెలుగు జిల్లాలతో కూడిన హైదరాబాదు రాష్ట్రమును కొంతకాలము వేరుగా నుంచి, బీదరును అందే చేర్చవలెనని సంఘము వారు సూచించిరి. ఈ సంగతి మన పిల్లలలో చాలమందికి తెలియదు. తుదకు జరిగినది వేరు. 1956 నవంబరు 1 నాడు జిల్లా మూడు ముక్కలైనది. ఉద్గీరు, అహమ్మదుపురము, నిలంగా బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నారాయణఖేడు తాలూకా, జహీరాబాదు తాలూకాలో చాల భాగము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. తక్కినది మైసూరు రాష్ట్రమున చేరినది. బీదరు తాలూకా సయితము తెగినది: న్యాలకల్ సర్కిలు అటు పోగా, కొల్హారు ఉన్న భాగము ఇటు నిలిచినది.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆ దినమున ఎవ్వరును ఇల్లు కదలలేదు. మూట ముల్లె కట్టలేదు. రాత్రి పండుకొనునపుడు బహుభాషా మండలమున నున్న తెలుగు కుటుంబము తెల్లవారునప్పటికి అల్పసంఖ్యాక కుటుంబమైనది. ఆడబిడ్డ నిచ్చిన ఊరు వేరు రాష్ట్రమైనది. జహీరాబాదు ముప్పది కిలోమీటర్ల దూరమే గాని బడి పుస్తకము మారెను, కచ్చేరీ భాష మారెను. మనము ఇక్కడికి వలస వచ్చిన వారమని అనుకొనుట అందరి విషయమున సరికాదు. మనలో కొందరిని దాటి సరిహద్దే వలస పోయినది.

తరువాతి కాలమున జీవనోపాధి మారిన తీరు చూడుడు. వానలు లేని యేండ్లలో ఈ జిల్లా కూలీలు పొట్ట చేతబట్టుకొని హైదరాబాదు చేరిరి. నిజాముల నాడు వికారాబాదు మీదుగా వేసిన రైలుమార్గమే వారికి దారి. గుల్బర్గాతో నేరుగా రైలు సంబంధము 2017 అక్టోబరులో గాని కలుగలేదు. రాష్ట్రములు వేరైనను కడుపు మాత్రము పాత రాజధాని వైపే చూచుచుండెను.

గత శతాబ్దపు చివరి దశాబ్దములలో కొల్హారు పారిశ్రామిక వాడ వెలసినది. 1960లలో హైదరాబాదున ఐ.డి.పి.ఎల్. కర్మాగారము వచ్చిన పిదప అచ్చట మందుల తయారీ విస్తరించినది. ఆ పరిశ్రమకు బీదరు దూరము కాదు. ఈ వాడలో రసాయనములు, మందులకు కావలసిన ముడి పదార్థములు చేయు కర్మాగారములు వచ్చినవి. వానితో తెలుగు పనివారును, మేస్త్రీలును, లారీ డ్రైవర్లును వచ్చిరి. పొలము నిచ్చిన రైతు పైకము పుచ్చుకొనెను. కొడుకు గేటు దగ్గర కాపలా ఉద్యోగము సంపాదించెను. నెల జీతపు రుచి తెలిసినది. దానితోపాటు పరిసర గ్రామములవారు బావినీటి రంగును గూర్చి, రాత్రివేళ వాసనను గూర్చి మొరపెట్టుకొనుటయు మొదలైనది. లాభమును వ్రాసి నష్టమును వ్రాయకుండుట గుమాస్తా ధర్మము కాదు గనుక రెంటిని వ్రాసితిమి.

జనాభా లెక్కలలో ఈ మార్పు ఎట్లు కనబడును? సేద్యము చేయువాడు, వ్యవసాయ కూలీ, కుటీర పరిశ్రమ వాడు, ఇతర పనివాడు అని నాలుగు గడులుండును. ఏడాదిలో ఆరు మాసములు, అంతకు మించి పనియున్నవాడు ప్రధాన శ్రామికుడు. తక్కువ యున్నవాడు ఉపాంత శ్రామికుడు. తండ్రి మొదటి గడిలో నుండగా కొడుకు నాలుగవ గడికి పోవును. గేటు కాపలాదారును, కచ్చేరీ గుమాస్తాయును, కిరాణా కొట్టువాడును అందరు ఆ నాలుగవ గడిలోనే కలిసిపోవుదురు. సంక్రాంతి మొదలు ఉగాది వరకు చెరకు నరకబోవు స్త్రీ ఉపాంత శ్రామికురాలగును. ఇంటిపని సంవత్సరమంతయు చేసినను దానికి గడి లేదు.

జిల్లా మొత్తపు సంఖ్యలు చెప్పెదము. 2001లో బీదరు జిల్లా జనము 15,02,373, 2011లో 17,03,300. నలుగురిలో ముగ్గురు పల్లెలలోనే యుండిరి. ఏడేండ్లు దాటిన వారిలో నూటికి డెబ్బదిమంది అక్షరాస్యులు. ఇక గ్రామ పట్టికను తెరచినచో ఇండ్లు, స్త్రీపురుషులు, ఆరేండ్లలోపు పిల్లలు, అక్షరాస్యులు, పనివారు, ఇవి కనబడును. భాష మాత్రము కనబడదు. మాతృభాష లెక్కలు రాష్ట్రమునకు, జిల్లాకు, తాలూకాకు కూడి ప్రకటింతురు గాని ఊరి పట్టికలో దానికి గడి లేదు. కొల్హారులో తెలుగువారెందరో తెలియవలెనన్న ఇల్లిల్లు తిరుగవలసినదే.

ఆ భాగ్యము మాకు కలిగినది. 1991లోను, 2001లోను గణకులముగాను, 2011లో పర్యవేక్షకులముగాను మేము పనిచేసితిమి. మొదటిసారి తిరిగినపుడు కొల్హారు దాపున రాళ్లు కొట్టువారి గుడిసెలకు పోయితిమి. మాతృభాష యేమని యడుగగా ఒక ముసలమ్మ, "మా మాటకు పేరేముంది నాయనా? ఇంట్లో ఒకటి, సంతలో ఒకటి. నీకు తోచింది రాసుకో" అన్నది. అంతలో మనుమడు ఎండలోనికి పరుగెత్తగా, "ఒరే, కాళ్లు కాల్తాయిరా, ఇటు రా!" అని కేకవేసినది. మేము నియమమును చదివి వినిపించితిమి: చిన్ననాట తల్లి బిడ్డతో మాటలాడిన భాషయే మాతృభాష. ఆమె కొంచెము సేపు ఊరకుండి, "మా అమ్మ నాతో తెలుగే మాట్లాడేది" అన్నది. తెలుగు అని వ్రాసితిమి. ప్రక్క గుడిసెలో ప్రొద్దు వాలుచున్నదని తొందరపడి నియమము చదువలేదు. ఇంటాయన నోట వచ్చిన మొదటి మాట వ్రాసి లేచితిమి. ఆ తప్పు మాది. ఇన్నేండ్లకును అది మనస్సున మెదలుచున్నది.

అంతకంటె పెద్ద పాఠము 2011లో మా యింటనే నేర్చితిమి. పర్యవేక్షణకై మేము ఊళ్లు తిరుగుచుండగా మా యింటికి వేరొక గణకుడు వచ్చెను. వంటపనిలో నున్న కోడలు పిల్లవానిని పంపెను. బడిలో కన్నడము చదువుకొను మా మనుమడు ఇంటివారందరికిని "కన్నడ" అని చెప్పెను. ఆయన వ్రాసికొని పోయెను. సాయంకాలము విని నిర్ఘాంతపోయితిమి. పిల్లవానిని కోపపడుటకు నోరు రాలేదు. వానికి తెలుగు అక్షరములు మేము నేర్పలేదు. ఇతరుల ఇండ్ల భాషను సరిచూచుచు మా యింటి భాషను లెక్కకు రాకుండ చేసికొంటిమి.

రాష్ట్రమున ఇట్టి ఇండ్లెన్ని యుండెనో గాని, కర్ణాటకమున 2001లో నూటికి ఏడుగురు తెలుగు మాతృభాషగా చెప్పగా 2011లో ఆరుగురికంటె కొంచెము తక్కువయైరి. తలల సంఖ్యయు ముప్పదియేడు లక్షల చేరువ నుండి సుమారు ముప్పదియారు లక్షలకు దిగినది. దేశమంతటను తెలుగు మూడవ స్థానము నుండి నాలుగవ స్థానమునకు వచ్చి, మరాఠీ ముందునకు పోయినది. వలసలు, జననముల తగ్గుదల కూడ ఇందుకు కారణములు కావచ్చును. మేము కన్నంతవరకు మన జవాబు కూడ ఒక కారణమే.

"ఒక గడిలో ఏమి వ్రాసిన నేమి?" అని అడుగువా రుందురు. దానికి కచ్చేరీ భాషలో జవాబు చెప్పెదము. 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు కలిసి, బడిలో నలుబదిమంది గాని, తరగతిలో పదిమంది గాని ఒక మాతృభాష వారున్నచో ఆ భాషలో ప్రాథమిక విద్య నేర్పించవలెనని తీర్మానించిరి. 1956లో సంవిధానమున 350-ఏ, 350-బీ అధికరణములు చేరినవి; అల్పసంఖ్యాక భాషల సంరక్షణకు ప్రత్యేకాధికారి యేర్పడెను. ఒక ప్రాంతమున నూటికి పదునైదు ఇరువదిమంది యున్నచో ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలో కూడ వెలువడవలెనని ఆ యేటనే నిర్ణయించిరి. ఈ నిబంధనలన్నియు సంఖ్యను చూచి నడచును. సంఖ్య మన నోటి నుండి వచ్చును. నోరు విప్పని వానికి అర్జీ పెట్టుటకు ఆధారముండదు.

ఇట్లు వ్రాయుటలో కన్నడముపై మాకు రవంతయు అసూయ లేదు. ఆ భాషలోనే మేము ముప్పదియేండ్లు ఫైళ్లు వ్రాసి అన్నము తింటిమి. మన పిల్లలు కన్నడమును చక్కగా నేర్వవలెను, ఆ సాహిత్యమును గౌరవింపవలెను. గణన పత్రమున మాతృభాష తరువాత తెలిసిన ఇతర భాషలకు కూడ చోటున్నది; కన్నడమును అచ్చట సగర్వముగా వ్రాయింపవచ్చును. రెండు భాషలు వచ్చినవాడు ఒకదానిని దాచవలసిన పనిలేదు.

2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా గైకొని తరువాతి గణన జరుపుదుమని 2025 జూనులో ప్రభుత్వము వారు ప్రకటించిరి. పదునారేండ్లకు ఒకమారు వచ్చు అవకాశమిది. కావున సంఘ సభ్యులకు మా మనవి యేమనగా: గణకుడు తలుపు తట్టినపుడు పిల్లవానిని పంపకుడు, పెద్దలు స్వయముగా కూర్చుండి ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. లేనిది కల్పింపవలదు, ఇంట మరాఠీయో ఉర్దూయో తల్లిభాషయైనచో అదే చెప్పుడు. రాళ్లు కొట్టు వారివంటి మన సోదరుల ఇండ్లకు పోయి నియమమును వారికి తెలియజేయుడు. ఇది ప్రచారము కాదు. సరియైన లెక్కకు సాయము.

మా మనుమడు ఇపుడు పెరిగి పెద్దవాడైనాడు. గత శ్రావణము నుండి ఆదివారములందు మావద్ద అక్షరములు దిద్దుచున్నాడు. గుణింతము పూర్తియైనది, వత్తులు మిగిలినవి. ఈ సంచిక చేతికి వచ్చునప్పటికి ఈ వ్యాసమును తానే చదివి తప్పులు దిద్దెదనని మాట యిచ్చినాడు.