దాచుకోవచ్చా, కూడదా: మెమరీ టైపుల పుట్టుపూర్వోత్తరాలు

ప్రాసెసర్ కంటికి అన్నీ చిరునామాలే. కొన్నింటి వెనక ర్యామ్ ఉంటుంది, కొన్నింటి వెనక గ్రాఫిక్స్ కార్డో నెట్‌వర్క్ కార్డో ఉంటుంది. ర్యామ్‌లో ఉన్న అంకెను క్యాష్ మెమరీలో దాచుకుని, పదిసార్లు అక్కడినుంచే చదువుకున్నా నష్టం లేదు. నెట్‌వర్క్ కార్డులోని స్టేటస్ రిజిస్టర్ సంగతి వేరు. ఇందాక ప్యాకెట్ రాలేదంది, ఇప్పుడు వచ్చిందంటుంది. మొదటి జవాబును దాచుకుని కూర్చున్న ప్రాసెసర్‌కు ఆ రెండో జవాబు చేరదు. అందుకే ప్రతి చిరునామాకూ ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి: దాచుకోవచ్చా, కూడదా? ఇంటెల్ తరహా ఎక్స్86 యంత్రాల్లో ఆ మాట చెప్పే అధికారం ఎన్ని చేతులు మారిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

క్యాష్ ఆలోచన పాతదే. 1965లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ రెండే పేజీల వ్యాసంలో దాన్ని ‘స్లేవ్ మెమరీ’ పేరుతో వివరించాడు. 1968లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85తో అది మార్కెట్లోకి వచ్చింది. ఆ మెయిన్‌ఫ్రేముల్లో డిస్కులూ ప్రింటర్లూ ఛానెళ్ల ద్వారా పనిచేసేవి, మెమరీ చిరునామాల్లో కనిపించేవి కావు. కనుక ఈ తలనొప్పి వాళ్లను పెద్దగా బాధించలేదు. పీసీల్లో మాత్రం తప్పలేదు. 1989లో వచ్చిన ఇంటెల్ 486 చిప్పులోనే 8 కిలోబైట్ల క్యాష్ ఉంది. ఫలానా చిరునామాను దాచుకోవచ్చో లేదో మదర్‌బోర్డు ఒక పిన్ను ద్వారా చెప్పేది. చిరునామాలను తర్జుమా చేసే పేజీ టేబుల్లో ఉన్న రెండు బిట్లతో ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ కూడా తన మాట చెప్పవచ్చు. ఇద్దరు పెద్దమనుషులు అప్పుడే తయారయ్యారన్నమాట.

1995 చివర్లో వచ్చిన పెంటియం ప్రో, మదర్‌బోర్డు చెప్పే మాటను ప్రాసెసర్ లోపలికే తెచ్చుకుంది. మెమరీ టైప్ రేంజ్ రిజిస్టర్లు, పొట్టిగా ఎంటీఆర్ఆర్‌లు, అలా పుట్టాయి. ఈ చిరునామా నుంచి ఆ చిరునామా దాకా ఫలానా టైపు అని బయోస్ వాటిలో రాసిపెడుతుంది. టైపులు ఐదు. ర్యామ్‌కు దాచుకోనిచ్చే రైట్‌బ్యాక్, పరికరాలకు దాచుకోనివ్వని అన్‌క్యాషబుల్. రైట్‌త్రూ, రైట్‌ప్రొటెక్ట్ అనేవాటితో సామాన్యులకు పనిపడదు. అసలు సరుకు ఐదోది, రైట్‌కంబైనింగ్. తెర మీది బొమ్మను వీడియో మెమరీలోకి పంపేటప్పుడు నాలుగేసి బైట్లు విడివిడిగా కాకుండా, కొన్నింటిని పోగుచేసి ఒక్క విడతలో పంపుతుంది. దీని మహిమ మొదట్లోనే పట్టుకున్నవాళ్లు కంప్యూటర్ ఆటగాళ్లు. డాస్‌లో ఫాస్ట్‌విడ్ అనే బుల్లి ప్రోగ్రాం నడిపితే, ఆ రిజిస్టర్లు మారి, క్వేక్ ఆట చురుగ్గా కదిలేది. లినక్స్‌లో రిచర్డ్ గూచ్ రాసిన కోడు ఇదే పనిని ఒక ఫైలు ద్వారా చేయనిచ్చింది. తెర మీద కిటికీలు గీసే ఎక్స్ సర్వర్ దాన్ని వాడుకుంది. అప్పట్లో సైరిక్స్, ఏఎండీ, సెంటార్ తలా ఒక రకం రిజిస్టర్లు పెట్టుకున్నాయి. ఆ కోడు అన్నింటినీ మోసింది.

అయితే ఎంటీఆర్ఆర్ పుట్టుకలోనే పిసినారితనం ఉంది. మన ఇష్టానికి వాడుకోగలిగిన రేంజులు ఎనిమిదే. ప్రతిదాని పరిమాణం రెండు యొక్క ఘాతంగానే ఉండాలి, ఆరంభం కూడా ఆ పరిమాణానికి సరిగ్గా అమరాలి. ఒక్క రేంజు మార్చాలన్నా యంత్రంలోని ప్రాసెసర్లన్నీ ఒకేసారి ఆగి, క్యాష్ కట్టేసి, ఉన్నదంతా ర్యామ్‌లోకి ఒలకబోసి, రాసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ర్యామ్ 4 గిగాబైట్లు దాటాక, కొన్ని బయోస్‌లు ఈ లెక్క కుదరక కొంత ర్యామ్‌ను అన్‌క్యాషబుల్‌గా వదిలేశాయి. ర్యామ్ పెంచితే కంప్యూటర్ నత్తనడక నడవడం అనే వింత అలా జరిగింది. చివరికి 2008లో లినక్స్ అలాంటి ర్యామ్‌ను వాడుకోవడమే మానేసింది. మందకొడి మెమరీ కంటే తక్కువ మెమరీ మేలన్న లెక్క. నాకైతే సబబే అనిపిస్తుంది.

దీనికి విరుగుడు అప్పటికే చేతిలో ఉంది. 1999 నాటి పెంటియం 3తో పేజ్ అట్రిబ్యూట్ టేబుల్, అంటే ప్యాట్, వచ్చింది. ప్రతి పేజీకీ విడిగా టైపు చెప్పుకోవచ్చు, రేంజుల లెక్కతో పనిలేదు. కానీ లినక్స్ దాన్ని పూర్తిగా అందుకోవడానికి 2008 దాకా పట్టింది. కారణం బద్ధకం కాదు. ఒకే భౌతిక పేజీని ఇద్దరు డ్రైవర్లు రెండు టైపుల్లో మ్యాప్ చేసుకుంటే ఏం జరుగుతుందో ప్రాసెసర్ హామీ ఇవ్వదు. అందుకని ఎవరు ఏ పేజీని ఏ టైపులో అడిగారో కెర్నెలే ఒక ఖాతా రాసుకోవాలి. పొసగని రెండో అర్జీని తిరగ్గొట్టాలి. ఇంటెల్ ఇంజనీర్లు వెంకటేష్ పల్లిపాడి, సురేష్ సిద్ధ ఆ పని చేశారు. ఎంటీఆర్ఆర్ మాత్రం పోలేదు. ప్యాట్ మాటనూ దాని మాటనూ కలిపి చూశాకే అసలు టైపు తేలుతుంది.

ఇంతలో వర్చువల్ యంత్రాలు వచ్చాయి. 2008లో నెహాలెమ్ చిప్పుతో ఇంటెల్ రెండో అంచె పేజీ టేబుళ్లు తెచ్చింది. గెస్ట్, అంటే వర్చువల్ యంత్రంలో నడిచే వ్యవస్థ, తన భౌతిక చిరునామా అనుకునేదాన్ని అసలు చిరునామాగా మార్చేవి ఇవే. మెమరీ టైపు రాసే చోటూ వాటిలోనే ఉంది. అది నింపేది ఆ యంత్రాలను నడిపే హైపర్‌వైజర్. పైగా, కావాలంటే గెస్ట్ ప్యాట్‌ను పట్టించుకోవద్దని చెప్పే బిట్టు ఒకటుంది. ఇక గెస్ట్ రాసుకునే ఎంటీఆర్ఆర్ విలువ ఎంత? పహాణీలో పేరుంది, పొలంలో అడుగుపెట్టే హక్కు లేదు. అసలు పరికరాన్ని గెస్ట్‌కు అప్పగించినప్పుడు, అదీ క్యాష్‌తో పొత్తు లేకుండా మెమరీని తాకే పరికరమైతేనే, లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం ఆ రాతకు విలువ ఇచ్చేది. మిగతా అన్ని వేళలా దాదాపు అంతా రైట్‌బ్యాకే. 2024లో ఆ కాస్త గౌరవమూ తీసేశారు.

అప్పుడే ఇంకో మార్పు కూడా చేశారు: కొత్త ప్రాసెసర్లలో గెస్ట్ ప్యాట్‌ను ఎప్పుడూ మన్నిద్దామని. న్యాయంగా చూస్తే అదే సరి. కానీ బోక్స్ అనే నకిలీ గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ తన వీడియో మెమరీని ఏళ్ల తరబడి అన్‌క్యాషబుల్‌గా అడుగుతూ వచ్చింది. ఎవరూ ఆ మాట వినకపోవడం వల్లే అది వేగంగా నడిచింది! విన్న మరుక్షణం తెర పనికిరానంతగా కుంటుపడింది. సెప్టెంబరులో ఆ మార్పు వెనక్కి వెళ్లింది.

హైపర్‌వైజర్‌నే నమ్మని గెస్టులు, ఇంటెల్ టీడీఎక్స్, ఏఎండీ ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ, వచ్చాక చిక్కు ముదిరింది. వాటిలో ఎంటీఆర్ఆర్ ఉన్నట్టే చూపరు, లేదా రాయనివ్వరు. టీడీఎక్స్‌లో రాయడానికి ముందు క్యాష్ కట్టేయబోతేనే ప్రాసెసర్ అడ్డుపడుతుంది. ఫలితంగా ర్యామ్ కూడా అన్‌క్యాషబుల్‌గా కనబడేది. సరే, అంతా రైట్‌బ్యాక్ అనుకో అని 2024 చివర్లో కెర్నెల్‌కు చెప్పారు. దాంతో కొన్ని గెస్టుల్లో టీపీఎం భద్రతా పరికరం మాయమైంది. కెర్నెల్‌లో ఏసీపీఐ కోడు, అంటే ఫర్మ్‌వేర్ ఇచ్చే పరికరాల పట్టికలను చదివే కోడు, ఎంటీఆర్ఆర్‌ను అడిగి టైపు ఎంచుకునేది. ఇప్పుడు రైట్‌బ్యాక్ అన్న జవాబు రాగానే, 4 గిగాబైట్లకు కాస్త దిగువనున్న టీపీఎం చిరునామాను అలాగే మ్యాప్ చేసుకుంది. తర్వాత టీపీఎం డ్రైవర్ వచ్చి అన్‌క్యాషబుల్‌గా కావాలంది. ఖాతా చూసిన కెర్నెల్ పొసగదంది.

2025లో దొరికిన మందు ఇది: ఆ 4 గిగాబైట్ల దిగువ పరికరాల జాగాను అన్‌క్యాషబుల్‌గా చూపే ఒక ఎంటీఆర్ఆర్ పద్దు రాశారు. అది కెర్నెల్ సొంత లెక్కల్లోనే ఉంటుంది. ప్రాసెసర్ దాన్ని ఎన్నడూ చదవదు. కెర్నెలే రాసుకుని, కెర్నెలే చదువుకుంటుంది.