40 సెకన్ల ఎత్తుగడ

అమెరికాలో ఆదివారం సాయంత్రం మొదలయ్యే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్, సింగపూర్‌ పుంగ్గోల్‌లోని తెలుగు ఇళ్లకు సోమవారం పొద్దున్న ఏడున్నరకు వస్తుంది. ఆఫీసులకు ఎమ్మార్టీ ఎక్కే వేళ. ఆ హడావుడిలో టీవీ వైపు ఓ చూపు వేసినవాళ్లకు ఆట కన్నా ఆగడమే ఎక్కువ కనిపిస్తుంది. నాలుగైదు సెకన్ల తోపులాట, తర్వాత అందరూ నిలబడిపోతారు. నిజానికి ఆటలో సగం నడిచేది అలా నిలబడినప్పుడే.

మనకు తెలిసిన ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు ఒక గోల్ జర్నైల్‌దే. అంతటి ఎత్తుగడైనా మైదానంలో దిగేముందే తేల్చుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ దారి వేరు. 1882లో వాల్టర్ క్యాంప్ చొరవతో, మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు సాధించకపోతే బంతి వదులుకోవాలన్న నిబంధన వచ్చింది. ఇప్పుడు నాలుగు ప్రయత్నాలు, పది గజాలు. ప్రతి ప్రయత్నానికీ ఓ కొత్త ఎత్తుగడ, అంటే ప్లే, కావాలి. దాన్ని ఎదుటివాళ్లకు తెలియకుండా చెప్పేదెలా?

జవాబు దొరికింది బధిర విద్యార్థులకు. 1890లలో వాషింగ్టన్‌లోని గాలొడెట్ కళాశాల జట్టుకు పాల్ హబ్బర్డ్ క్వార్టర్‌బ్యాక్, అంటే ప్లేను నడిపించే ఆటగాడు. ప్లే చెప్పేది సంజ్ఞల భాషలోనే. ఎదుటిదీ బధిరుల జట్టే అయితే ఆ సంజ్ఞలు వాళ్లకూ అర్థమైపోయేవి. అందుకని తనవాళ్లను గుండ్రంగా దగ్గరికి చేర్చి, చేతులు బయటికి కనబడకుండా నడుమ చెప్పాడు. అదే హడిల్. తర్వాత దేశంలోని జట్లన్నీ దాన్నే అందుకున్నాయి. ఈ ఆటకు ఇంతకన్నా గొప్ప కానుక ఇచ్చినవాళ్లు నాకు కనబడరు. 2023 అక్టోబర్‌లో గాలొడెట్ క్వార్టర్‌బ్యాక్, హెల్మెట్‌లో అమర్చిన చిన్న తెరపై కోచ్ పంపిన ప్లేలు చూసుకుంటూ ఒక మ్యాచ్ ఆడాడు.

తొలి దశాబ్దాల్లో ప్లే ఎంచుకునేది ఆటగాళ్లే. బయటి నుంచి కోచ్ చెబితే తప్పు కింద లెక్క. ఆ అధికారాన్ని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్ తన చేతిలోకి తీసుకున్నాడు. గార్డు స్థానంలో ఆడే ఇద్దరిని వంతులవారీగా లోపలికి పంపుతూ, ఒక్కొక్కరితో ఒక్కో ప్లే చెప్పించేవాడు. 1956లో ఏకంగా క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో పెట్టించాడు. లీగ్ కమిషనర్ బెర్ట్ బెల్ ఆ సీజన్లోనే దాన్ని నిషేధించాడు. లీగ్ మళ్లీ ఒప్పుకున్నది 1994లో. శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ అయితే మొదటి పాతిక ప్లేలను మ్యాచ్‌కు ముందే కాగితం మీద పెట్టేవాడు. స్టేడియం హోరులో కన్నా గదిలో ప్రశాంతంగా ఆలోచిస్తే మంచి నిర్ణయం వస్తుందని ఆయన నమ్మకం.

ఇప్పుడు రెండు ప్లేల మధ్య గడువు 40 సెకన్లు. అందులో 15 మిగిలేసరికి హెల్మెట్‌లో కోచ్ గొంతు ఆగిపోతుంది. అక్కణ్నుంచి నిర్ణయం ఆటగాడిదే. ఎదుటి డిఫెన్స్ నిలబడ్డ తీరు చూసి, చెప్పిన ప్లే పారదనిపిస్తే క్వార్టర్‌బ్యాక్ అక్కడికక్కడే మార్చేస్తాడు. పేటన్ మానింగ్ ఇందులో ఆరితేరినవాడు. బంతి పెట్టిన గీత దగ్గర అటూ ఇటూ నడుస్తూ, వేళ్లు చూపిస్తూ, 'ఒమాహా' అని కేకలు వేస్తూ, బంతి కదలకముందే ఎదుటి కోచ్ వారమంతా కూర్చుని వేసిన పథకాన్ని చెడగొట్టేవాడు.