గది నంబరు ఎవరి సొత్తు?

ఎలెరీ ఆడమ్స్ రాసిన 'బుక్ రిట్రీట్' మిస్టరీలు వరసబెట్టి చదివేశా. పుస్తకాల హోటల్లో హత్యలు! నిజం హోటల్ కథ ఇంకా బావుంటుంది.

2000లో న్యూయార్క్‌లో లైబ్రరీ హోటల్ తెరిచారు. పది అంతస్తులకి డ్యూయీ వర్గీకరణలోని పది విభాగాలు, గది నంబర్లూ అవే. మా కాలేజీ లైబ్రరీలో లెక్కల పుస్తకాలుండే 510 లాంటివన్నమాట.

డ్యూయీ ఈ పద్ధతి అచ్చేసింది 1876లో. ఇంకా హక్కులేంటి అనుకుంటాం. కానీ 1988లో దాన్ని చేజిక్కించుకున్న ఓసీఎల్‌సీ, ట్రేడ్‌మార్క్ అంటూ 2003లో హోటల్ మీద దావా వేసింది. ఆ ఏడాదే రాజీ. హక్కు ఓసీఎల్‌సీదేనని హోటల్ ఒప్పుకుని, పిల్లల చేత చదివించే ఓ సంస్థకి విరాళమిచ్చింది.

కాపీరైట్‌కి గడువుంది, ట్రేడ్‌మార్క్ వాడినంతకాలం బతుకుతుంది. 2006లో డెబియన్ వాళ్ళు ఫైర్‌ఫాక్స్‌ని ఐస్‌వీజల్ చేసుకున్నదీ అందుకే. కోడ్ అందరిదే, పేరు మాత్రం కాదు. లైబ్రరీలన్నీ కలిసి నిలబెట్టిన నంబర్లకి ఒక్కరే యజమాని అంటే నాకైతే మింగుడు పడలేదు. మీరేమంటారు?