వంగి మళ్ళీ లేచే ఉక్కు

బెంగళూరు టౌన్ హాలు నుంచి మినర్వా సర్కిల్ దాకా జె.సి. రోడ్డు వెంట నడిస్తే దారి పొడుగునా బళ్ళ సామాను దుకాణాలే. బుష్‌లు, బేరింగులు, సైలెన్సర్లు, రబ్బరు మౌంటింగులు. ఆ పక్కనే కలాసిపాళ్యం, లారీ ఆఫీసులకు పేరుపడ్డ పేట. ఇంటి ముందు సొంత లారీని ఆపుకుని తుప్పుపట్టిన కమాను కట్టలను విప్పుతున్న మనిషికి ఏ బోల్టు తెగినా కాళ్ళు ముందు ఇటువైపే నడుస్తాయి.

కమాను అంటే పారశీకంలో విల్లు. పేరుకు తగ్గ వస్తువే అది. పొడుగాటి మెయిన్ పట్టీ కింద కాస్త పొట్టి పట్టీ, దాని కింద ఇంకాస్త పొట్టిది, ఇలా పేర్చి నడుమ ఒక సెంటర్ బోల్టుతో బిగించిన ఉక్కు విల్లు. టన్నుల బరువు పడితే వంగుతుంది, గతుకు దాటగానే లేస్తుంది. లండన్‌లో ఒబదయా ఇలియట్ గుర్రపు బగ్గీల కోసం ఇలాంటి ఉక్కు కమానులకు పేటెంటు తీసుకున్నది 1804లో.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరు చుట్టుపక్కల మంచి ఉక్కు తయారయ్యేది. టిప్పు పతనం తర్వాత 1800-01లో మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, మాగడి ప్రాంతంలో ఇనుము, ఉక్కు తీసే కొలుములను చూసి వివరంగా రాసుకున్నాడు. చన్నపట్నంలో తయారయ్యే ఉక్కు తీగ వాద్యాల తంత్రులకు దేశంలోని దూర ప్రాంతాలకు వెళ్తోందనీ నమోదు చేశాడు. వంగినా విరగని ఉక్కు మర్మం ఈ నేలకు కొత్త కాదు. తర్వాత విదేశీ ఉక్కు చౌకగా దిగింది, ఇక్కడి కొలుములు ఒక్కొక్కటే చల్లారాయి.

మోటారు బళ్ళు ఇక్కడే తయారు కావాలని పట్టుబట్టినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1930ల మధ్యలో యూరప్, అమెరికాల్లోని ఫ్యాక్టరీలు చూసి వచ్చి పథకం సిద్ధం చేశాడు. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టుబడికి ముందుకొచ్చాడు, మైసూరు సంస్థానం అండగా నిలిచింది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం మాత్రం సహకరించలేదు. ఆ వాల్‌చందే మైసూరు సంస్థానంతో కలిసి 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టాడు. 1951లో డీజిల్ పంపుల మైకో, 1953లో లేతు యంత్రాల హెచ్‌ఎంటీ వచ్చాయి. లారీల ఫ్యాక్టరీ రాకపోయినా లేతు పట్టడం, కొలత తప్పకుండా ఇనుము చెక్కడం తెలిసిన చేతులు ఈ ఊరికి దండిగా దక్కాయి.

లారీలు బయటి నుంచే వచ్చాయి. జంషెడ్‌పూర్‌లో టెల్కో 1954లో మెర్సిడెస్ బెంజ్ సాంకేతికతతో లారీలు మొదలుపెట్టింది. మద్రాసు శివారు ఎన్నూరులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్, 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఈ బళ్ళ రూపం దశాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానికి అదే పెద్ద అండ. తండ్రి నేర్చుకున్న పని కొడుకు బండికీ పనికొచ్చేది, పాత బండి నుంచి తీసిన పట్టీ మరో బండికి అతికేది.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు, తుప్పు పట్టించే ఉప్పుగాలి తగలదు. కానీ లారీ ఊళ్ళో కూర్చోదు కదా. శిరాడి ఘాటు దిగితే మంగళూరు, తూర్పుకు వెళ్తే చెన్నై రేవు. ఘాటు వానలో తడిసిన బురద పట్టీల నడుమ చేరి ఆరకుండా ఉండిపోతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు మించి చోటు ఆక్రమిస్తుంది. పట్టీలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, జారాల్సినవి పట్టేస్తాయి. తుప్పు తిన్న గుంట దగ్గరే సన్నటి పగులు మొదలై, ఒక రాత్రి నిండు లోడుతో గోతిలో పడినప్పుడు మెయిన్ పట్టీ ఫట్‌మంటుంది.

ఇంటి దగ్గర ఈ కట్టలను విప్పి బాగుచేసేవాళ్ళు ముందు చక్రాలకు అడ్డు పెట్టి, చాసీని జాకీ మీద వదలకుండా గట్టి చెక్క మొద్దుల మీద నిలబెడతారు. కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులకు ముందురోజే డీజిలు పోసి నాననిస్తారు. అప్పటికీ కదలకపోతే కోసేస్తారు. ఒకసారి సాగిన మర మళ్ళీ అంత బిగువు పట్టదు కనుక కొత్తవే వేస్తారు. నట్టు మీద పెట్టిన గ్యాసు మంట పట్టీకి తగలనివ్వరు. తగిలితే అక్కడ ఉక్కు పదును పోతుంది. సెంటర్ బోల్టు విప్పేముందు కట్టను క్లాంపులతో పట్టి ఉంచాలి, లేకపోతే పట్టీలు ఎగిరి మీద పడతాయి. బ్రష్షుతో తుప్పు గీకి, పగులు కనిపించిన పట్టీ తీసేసి, నడుమ గ్రాఫైట్ గ్రీజు రాసి మళ్ళీ పేరుస్తారు. షాకిల్ పిన్నులు, బుష్‌లు అరిగితే అప్పుడే మారుస్తారు. బండి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగొచ్చాక యూ బోల్టులను ఇంకోసారి బిగిస్తారు. ఆ చివరి బిగింపు మరిచిపోతే కట్ట జరిగి సెంటర్ బోల్టు తెగవచ్చు. అప్పుడు యాక్సిల్ పక్కకు జరిగి బండి అడ్డంగా నడుస్తుంది.

ఈ చేతిపనికి రోజులు గట్టిగానే ఎదురు తిరిగాయి. 2021లో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానం ప్రకటించింది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాల ఫిట్‌నెస్ రుసుము బాగా పెంచింది. కొత్త లారీల్లో చాలావాటికి పట్టీల సంఖ్య తగ్గిన పారాబోలిక్ కమానులు వస్తున్నాయి. పట్టీల నడుమ ఖాళీ ఉండటం వల్ల నీరు అంతగా నిలవదు, తుప్పు తగ్గుతుంది. చిన్న యజమానికి అది మేలే.

విరిగిన పాత పట్టీ మాత్రం పారేసేది కాదు. శివాజీనగర్ గుజరీ దుకాణాల్లో పాత ఇనుము తూకానికి చేతులు మారుతుంది. కమాను కట్ట ముక్క దొరికితే పల్లె కమ్మరి వదలడు. దాన్ని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి, నీళ్ళలోనో నూనెలోనో ముంచి పదును పెడతాడు. కోలారు, చిత్తూరు పొలాల్లో చెరకు నరికే కత్తి, కొబ్బరి బోండాలు కొట్టే కొడవలి ఇలా పుట్టినవే ఎన్నో. నిన్నటిదాకా టన్నుల టమాటాలను మోసిన ఉక్కు, మాగడి కొలుములు చల్లారిన ఇన్నేళ్ళకు, మళ్ళీ ఒక తిత్తి ముందు నిప్పుల్లో ఎర్రబడుతుంది.