కొంకణ్ రైల్వే: కట్టింది ఏడేళ్లలో, కాపలా ఇప్పటికీ

జూన్ వచ్చిందంటే చాలు, మన ఫోన్లలో కొంకణ్ రైల్వే రీల్స్ మొదలైపోతాయి. పచ్చటి కొండలు, మంచు, సొరంగంలోంచి బయటికొచ్చే రైలు, వెనకాల ఏదో మెలొడీ సాంగ్. బావుంటుంది, నేనూ చూస్తాను. కానీ ఆ వీడియోల్లో ఒక్కోసారి పట్టాల పక్కన రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో ల్యాంపుతో ఒక మనిషి నిలబడి కనిపిస్తాడు. ఎప్పుడైనా గమనించారా? ఆయన్ని అక్కడ నిలబెట్టింది ఒక కంపెనీ. ఈరోజు ఎపిసోడ్ ఆ కంపెనీ కథ.

అవును, కంపెనీయే. మన దక్షిణ మధ్య రైల్వే లాగా ఇది ఒక జోన్ కాదు. పేరు కొంకణ్ రైల్వే కార్పొరేషన్ లిమిటెడ్. 1990 జులై 19న రిజిస్టర్ అయింది. పెట్టినప్పుడు వాటాలు ఇలా పంచుకున్నారు: కేంద్రానికి 51 శాతం, మహారాష్ట్రకి 22, కర్ణాటకకి 15, గోవాకి 6, కేరళకి 6. తన లైను తానే కట్టుకుని, దానిమీద రైళ్లు నడుపుతూ, ఆ లైను బాగోగులు కూడా తానే చూసుకునే కంపెనీ ఇది.

అసలు కంపెనీ ఎందుకు పెట్టాల్సి వచ్చింది? మ్యాప్ ఓపెన్ చేయండి. ముంబై, మంగళూరు రెండూ ఒకే సముద్రం ఒడ్డున ఉన్నాయి. కానీ 1990ల దాకా ఈ ఊరి నుంచి ఆ ఊరికి రైల్లో వెళ్లాలంటే దేశం లోపలికంతా వెళ్లి చుట్టు తిరిగి రావాల్సిందే. వెయ్యి కిలోమీటర్లకు పైగా అదనపు ప్రయాణం! కారణం ఆ నేల. సహ్యాద్రి కొండలు సముద్రం వైపుకి నిట్టనిలువుగా దిగుతాయి. నదులన్నీ ఆ కొండల్లో పుట్టి పడమటికి పరిగెడతాయి. తీరం వెంబడి లైను వేస్తే ప్రతి నదినీ దాటాలి, ప్రతి కొండనీ తొలవాలి. పైన ఆ వర్షాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. రైల్వే దగ్గర అంత డబ్బూ లేదు. దాంతో ఆ ఆలోచన ఏళ్ల తరబడి ఫైళ్లలోనే ఉండిపోయింది. మహారాష్ట్ర వైపు నుంచి ముక్కలు ముక్కలుగా పని చేసి, 1986కి రోహా దాకా వచ్చి ఆగారు.

తర్వాత రాజకీయంగా ఒక అరుదైన కలయిక కుదిరింది. 1989 డిసెంబర్లో వి.పి.సింగ్ ప్రభుత్వం వచ్చింది. రైల్వే మంత్రి జార్జి ఫెర్నాండెజ్, సొంతూరు మంగళూరు. ఆర్థిక మంత్రి మధు దండవతే, కొంకణ్‌లోని రాజాపూర్ ఎంపీ. ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు రామకృష్ణ హెగ్డే, ఉత్తర కన్నడ జిల్లా మనిషి. లైను అడిగేవాడు, డబ్బు ఇచ్చేవాడు, ప్లాన్‌లో పెట్టేవాడు, ముగ్గురూ ఆ తీరం వైపు వాళ్లే! ఆ ప్రభుత్వం ఏడాది కూడా నిలవలేదు, కానీ ఆలోపే కంపెనీ పుట్టేసింది. బడ్జెట్ మీద ఆధారపడకుండా మార్కెట్లో బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోవడం, కట్టడం, నడపడం, అప్పు తీరాక లైను రైల్వేకి అప్పగించేయడం. ప్లాన్ అదీ.

దీనికి హెడ్‌గా వచ్చినాయన అప్పుడే రిటైరైన ఇ.శ్రీధరన్. మెట్రో మ్యాన్ అని తర్వాత పేరొచ్చింది కదా, ఆయనే. 1964 తుపానుకి పాంబన్ వంతెన కొట్టుకుపోతే 46 రోజుల్లో నిలబెట్టిన ఇంజనీరు. అన్నట్టు, ఆయన ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడలో. ఇప్పుడు జేఎన్‌టీయూ కాకినాడ అంటున్నామే, ఆ కాలేజీయే.

రోహా నుంచి మంగళూరు దాకా దాదాపు 740 కిలోమీటర్లు. దాన్ని ఏడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక చీఫ్ ఇంజనీర్‌ని పెట్టారు. నలభై వేల మందికి పైగా యజమానుల నుంచి భూమి తీసుకోవాల్సి వచ్చింది. గోవాలో మాత్రం పెద్ద గొడవైంది. లైను ఊళ్లమధ్య నుంచి కాకుండా వేరే దారిలో పోవాలని ఉద్యమం నడిచింది, కొన్నాళ్లు పని ఆగింది, విచారణకి జస్టిస్ ఓఝా కమిషన్ కూడా వేశారు. నిరసన చేసినవాళ్లని అభివృద్ధి వ్యతిరేకులని తేల్చేయడం సులువే కానీ, తమ పొలాలకీ చిత్తడి నేలలకీ ఏమవుతుందని వాళ్లు అడిగిన ప్రశ్నలు తప్పేం కాదు.

ఇక 91 సొరంగాలు, చిన్నవీ పెద్దవీ కలిపి రెండు వేల దాకా వంతెనలు. రత్నగిరి దగ్గర పాన్వల్ నది మీద వంతెన ఎత్తు 64 మీటర్లు. అంత లోయలో కింది నుంచి సారువ కట్టడం కష్టం కాబట్టి, వంతెన పైభాగాన్ని ఒక గట్టున కొంచెం కొంచెంగా పోతపోసి, అవతలి గట్టు వైపుకి నెట్టుకుంటూ పోయారు. మన దేశంలో ఆ పద్ధతి వాడటం అదే మొదటిసారి. గట్టి రాతి సొరంగాల కోసం స్వీడన్ నుంచి మెషీన్లు తెచ్చారు.

కానీ వాళ్లని ఏడిపించింది రాయి కాదు, మట్టి. కొన్నిచోట్ల కొండ లోపలంతా నీళ్లు పట్టిన మెత్తటి బంకమన్ను. అక్కడ మెషీన్ పనికిరాదు. మనుషులే కొంచెం కొంచెం తవ్వుకుంటూ పోవాలి. తవ్వింది తవ్వినట్టే కూలిపోతుంది, మళ్లీ మొదలు. ఇలాంటి మెత్తమట్టి సొరంగాలకే నాలుగేళ్లు పట్టింది, 19 మంది ప్రాణాలు పోయాయి. గోవాలో పెర్నెం సొరంగం అన్నిటికంటే మొండిది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1998 జనవరి 26న మొత్తం లైను ప్రారంభమైంది. మూడున్నర వేల కోట్ల పైనే ఖర్చు. మరుసటి ఏడాదే సరుకు లారీలని లోడుతో సహా రైలెక్కించి తీసుకెళ్లే రోరో సర్వీసు పెట్టారు. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. చాలా వీడియోలు ఇక్కడితో ఆపేస్తాయి. నాకైతే అసలు కథ ఇక్కడ్నుంచే.

2003 జూన్ 22 రాత్రి. కార్వార్ నుంచి ముంబై వెళ్తున్న హాలిడే స్పెషల్ వైభవ్‌వాడి దగ్గర సొరంగం సమీపంలో పట్టాల మీద పడ్డ బండరాళ్లని గుద్దింది. యాభై మందికి పైగా చనిపోయారు. దాదాపు ఏడాదికి, 2004 జూన్ 16న మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ కూడా అలాగే బండరాళ్ల వల్ల పట్టాలు తప్పి వంతెన మీంచి పడింది. మళ్లీ ప్రాణాలు పోయాయి.

కొండని కోసి దారి చేస్తే రెండు వైపులా గోడల్లాంటి వాలు మిగులుతుంది. నిటారుగా కోస్తే భూమి తక్కువ పడుతుంది, మట్టి తక్కువ ఎత్తాలి, పని త్వరగా అయిపోతుంది. కానీ ప్రతి వానకీ ఆ గోడ నాని, లోపల రాళ్లు వదులవుతాయి. కట్టేటప్పుడు మిగిలిన టైముకీ డబ్బుకీ లెక్క తర్వాత తేలిందన్నమాట. ఆ తర్వాత కంపెనీ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. నిటారు వాలుల్ని చెక్కి ఏటవాలు చేయడం, బండలకి ఇనుప వలలు కట్టడం, రాళ్లలోకి బోల్టులు దింపడం, కాంక్రీటు చల్లడం. కొన్నిచోట్ల మట్టిని పట్టి ఉంచడానికి వట్టివేళ్ల గడ్డి కూడా నాటారు. మన ఇళ్లలో ఎండాకాలం కిటికీలకి కట్టే తడకల వట్టివేరే!

దాంతోపాటు మాన్‌సూన్ టైంటేబుల్. వానాకాలం అంతా రైళ్ల స్పీడ్ తగ్గిస్తారు. వాన కుండపోతగా పడి ముందు దారి కనిపించకపోతే గంటకి 40 కిలోమీటర్లే. ఆ నెలల్లో ఆరు వందల మందికి పైగా సిబ్బంది లైను వెంట గస్తీ తిరుగుతారు. ప్రమాదకరమైన చోట్ల రాత్రీపగలూ మనిషి ఉంటాడు. మొదట చెప్పానే, రెయిన్‌కోటు మనిషి, ఆయనే. రాయి పడితే ఎర్రలైటు చూపించాలి, రైలు చక్రం ఎక్కితే పేలి డ్రైవర్‌ని హెచ్చరించే పటాసు పట్టా మీద పెట్టాలి. లైను చాలావరకు సింగిల్, కాబట్టి రైలు ఎటువైపు నుంచైనా రావచ్చు.

పెర్నెం గుర్తుందా? 2020 ఆగస్టులో ఆ సొరంగం గోడ కొంత కూలింది. 2024 జులైలో సొరంగం లోపలికి నీళ్లు ఉబికొచ్చి రైళ్లు ఆగిపోయాయి. తవ్వేటప్పుడు ఏ నీళ్లతో పోరాడారో, పాతికేళ్లు దాటాక కూడా అవే నీళ్లు.

ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? కొంత మనమే. ఈ లైను మీద టికెట్ కొంటే అసలు దూరం కంటే 40 శాతం ఎక్కువ దూరానికి లెక్కగట్టి చార్జి వేసే పద్ధతి పెట్టారు. అయినా బాండ్ల అప్పు, వడ్డీ చాలాకాలం కంపెనీని కుంగదీశాయి. అప్పు తీర్చి లైను అప్పగించేయడం అనుకున్నట్టు జరగలేదు. బయట కాంట్రాక్టు పనులు పట్టుకుంది. కాశ్మీర్ లైనులో చినాబ్ వంతెన ఉన్న భాగం వీళ్లకే అప్పగించారు. నది మీద 359 మీటర్ల ఎత్తున ఉన్న ఆ వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. అక్కడ కొండవాలు జారకుండా చూసే పనిలో ఏళ్లపాటు సలహాదారుగా ఉన్నది మన ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన ప్రొఫెసర్ మాధవీలత. ఆమె బీటెక్ కూడా కాకినాడే. అందరూ పొగుడుతుంటే, వేలమంది చేసిన పని ఇది, నన్ను అనవసరంగా ఫేమస్ చేయకండని ఆమే చెప్పారు.

ఇప్పుడు కంపెనీని భారతీయ రైల్వేలో కలిపేసే పని నడుస్తోంది. మిగతా మూడు రాష్ట్రాలు ముందే సరేనన్నాయి, 2025 మేలో మహారాష్ట్ర కూడా ఒప్పుకుంది, కొంకణ్ రైల్వే పేరు ఉంచాలన్న షరతుతో. డబ్లింగ్ లాంటి పెద్ద పనులకి కంపెనీ దగ్గర డబ్బు లేదు, అందుకే ఇది. నాకైతే మంచిదే అనిపిస్తోంది, వాలుల మీద పెట్టే ఖర్చు తగ్గించనంత కాలం.

మన వైపు నుంచి గోవాకి వెళ్లే రైళ్లు ఎక్కువగా దూద్‌సాగర్ మీదుగా పోతాయి, అది వేరే లైను. మడ్‌గావ్‌లో దిగితే మాత్రం మీరు కొంకణ్ రైల్వే స్టేషన్‌లో దిగినట్టే. అక్కడ్నుంచి వానాకాలంలో ఉత్తరానికో దక్షిణానికో టికెట్ బుక్ చేస్తే, టైమింగ్స్ ఇంకోసారి చెక్ చేసుకోండి. ఆ నెలల్లో బయల్దేరే టైమే మారిపోతుంది.